ఎకరం వరి పొలంలో పోషకాల జమాఖర్చు వేసుకోవడం ఎలా?

వరి కోతలు ముగిసిన ప్రతిసారీ రైతులు, వ్యవసాయ విద్యార్థులు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. గడ్డి తగలబెడితే బూడిద పొలంలోనే ఉంటుంది కదా, ఇక నష్టం ఎక్కడ? ప్రతి పంటకూ నత్రజని, భాస్వరం ఇచ్చే డీఏపీ ఎరువు వేస్తున్నా ముదురు ఆకుల అంచులు ఎందుకు ఎండుతున్నాయి? గడ్డిని కట్టలు కట్టి అమ్మితే చేతికొచ్చే డబ్బంతా లాభమేనా? పైకి వేర్వేరుగా కనిపించే ఈ ప్రశ్నలకు జవాబు ఒకే లెక్కలో ఉంది. ఒక పంటకాలంలో మీ గట్టు దాటి లోపలికి వచ్చిన పోషకాలు ఎన్ని, బయటికి వెళ్లినవి ఎన్ని అన్నదే ఆ లెక్క. కూడికలు, గుణకారాలు వచ్చిన ఎవరైనా దీన్ని ఒక సాయంత్రంలో పూర్తి చేయవచ్చు.

ముందుగా ఒక్క విషయం స్పష్టం చేసుకోవాలి. పొలంలో శక్తి నడిచే దారి వేరు, పోషకాలు నడిచే దారి వేరు. మన ప్రాంతంలో ఎకరం నేలపై ఒక్క రోజున పడే ఎండలోని శక్తి సుమారు 70 వేల మెగాజౌళ్లు ఉంటుంది. ఎకరంలో పండిన గింజ, గడ్డి రెండింటిలో కలిపి నిలిచే శక్తి కూడా ఇంచుమించు అంతే. అంటే నాలుగు నెలల ఎండలో పైరు పట్టి ఉంచుకోగలిగింది నూటికి ఒక వంతు మాత్రమే. ఆ ఒక వంతును మనిషి తిన్నా, పశువు తిన్నా, నేలలోని సూక్ష్మజీవులు తిన్నా, నిప్పు కాల్చినా చివరికి వేడిగా మారి వెళ్లిపోతుంది, తిరిగి రాదు. మరుసటి పంటకు సూర్యుడు మళ్లీ కొత్తగా ఇస్తాడు. నత్రజని, భాస్వరం, పొటాష్‌లను సూర్యుడు ఇవ్వడు. ఉన్నవే నేల నుండి పైరుకు, పైరు నుండి పశువుకు, పశువు నుండి మళ్లీ నేలకు తిరుగుతుంటాయి. మధ్యలో గట్టు దాటినవి ఎవరో ఒకరు తెచ్చి వేస్తేనే తిరిగి వస్తాయి. అందుకే జమాఖర్చు పోషకాలకు వేస్తాం. శక్తి విషయం గడ్డి దగ్గర ఒకసారి మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

కావలసినవి

ఒక నోటు పుస్తకం, ఈ పంటకు కొన్న ఎరువుల బిల్లులు లేదా ఖాళీ సంచులు, ధాన్యం కాటా వేసిన చీటీలు, గడ్డి కట్టలు లేదా ట్రాక్టర్ లోడ్ల లెక్క, తూకానికి ఒక వేలాడే కాటా, కొలతకు టేపు, కొడవలి సిద్ధం చేసుకోండి. భూసార పరీక్ష ఫలితం, బోరు నీటి పరీక్ష ఫలితం ఉంటే లెక్క మరింత నమ్మకంగా వస్తుంది. లేకపోయినా మొదలుపెట్టవచ్చు.

1. హద్దు నిర్ణయించుకోండి

ఒకే రకమైన నేల, ఒకే నీటి వనరు, ఒకే యాజమాన్యం ఉన్న మడిని లేదా మడుల సముదాయాన్ని ఎంచుకుని, దాని గట్టునే హద్దుగా పెట్టుకోండి. గట్టు లోపల ఏది ఎటు కదిలినా లెక్కలోకి రాదు, గట్టు దాటినదే జమ లేదా ఖర్చు అవుతుంది. విస్తీర్ణాన్ని సెంట్లలోనో గుంటల్లోనో రాసుకుని చివరికి ఎకరానికి మార్చండి. 100 సెంట్లు గానీ 40 గుంటలు గానీ ఒక ఎకరం. పుస్తకాల్లోని అంకెలు ఎక్కువగా హెక్టారుకు ఉంటాయి కాబట్టి వాటిని 2.47తో భాగించాలి. పల్లంలో ఉన్న మడినీ మెరకలో ఉన్న మడినీ కలిపి ఒకే లెక్క వేయకండి, ఎందుకంటే మెరక మడి నుండి నీటితో జారిన పోషకాలు పల్లపు మడిలో చేరి రెండింటి నిజమూ మరుగున పడుతుంది.

2. గింజను, గడ్డిని తూకంలో రాయండి

ధాన్యాన్ని బస్తాల్లో కాకుండా కిలోల్లో రాయండి. ఆంధ్రలో చాలాచోట్ల బస్తా అంటే 75 కిలోలు, తెలంగాణలో లెక్క క్వింటాళ్లలో నడుస్తుంది. పచ్చి ధాన్యం తూకం కాకుండా ఆరబెట్టిన తరువాతి తూకం తీసుకోవాలి.

గడ్డి తూకం ఎవరూ రాసుకోరు, లెక్క తప్పేది సాధారణంగా ఇక్కడే. నేటి పొట్టి రకాల్లో గింజ ఎంతో గడ్డి దాదాపు అంతే ఉంటుంది, పొడవు రకాల్లో గడ్డి ఎక్కువ. కట్టలు కట్టించినట్లయితే ఐదారు కట్టలను తూచి, సగటును మొత్తం కట్టల సంఖ్యతో హెచ్చవేయండి. అయితే కోత యంత్రం ఎత్తులో కోస్తుంది కనుక కొయ్యకాళ్ల రూపంలో చాలా గడ్డి పొలంలోనే నిలిచి ఉంటుంది. దాన్ని తెలుసుకోవడానికి పొలంలో నాలుగైదు చోట్ల ఒక్కో చదరపు మీటరు మేర కొయ్యకాళ్లను నేలమట్టానికి కోసి, ఎండబెట్టి, తూచి, ఆ సగటును 4047తో హెచ్చవేయండి. ఎకరానికి చదరపు మీటర్లు అన్నే.

3. జమ రాయండి

సంచి మీది అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. వాటి ప్రకారం:

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు.
50 కిలోల డీఏపీ బస్తాలో నత్రజని 9, భాస్వరం 23 కిలోలు.
50 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో పొటాష్ 30 కిలోలు.
50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ బస్తాలో భాస్వరం 8 కిలోలు.
టన్ను మాగిన పశువుల ఎరువులో సుమారుగా నత్రజని 5, భాస్వరం 2, పొటాష్ 5 కిలోలు.

నానో ఎరువుల సీసాను బస్తాతో సమానంగా జమ రాయకండి. అర లీటరు సీసా మీద 4 శాతం నత్రజని అని ఉంటే అందులో ఉన్నది 20 గ్రాములే. అది పైరుపై ఎలా పనిచేస్తుందన్నది వేరే చర్చ, నేల ఖాతాలో మాత్రం ఉన్న బరువే రాయాలి.

పశువుల ఎరువును ట్రాలీల్లో లెక్కించకండి, వీలైతే ఒక్క ట్రాలీనైనా కాటాకు ఎక్కించండి. వానకు తడిసిన దిబ్బ ఎరువులో బరువంతా నీరే కావచ్చు.

నీళ్లు నిలిచే వరి మడిలో నీలిఆకుపచ్చ నాచు, ఇతర సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరపరుస్తాయి. పంటకు ఎకరానికి సుమారు 10 కిలోలని రాసుకోండి. పూత దశలో జీలుగ లేదా జనుము దున్నిన పొలమైతే అదనంగా మరో 25 కిలోల వరకు నత్రజని వేయవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పచ్చిరొట్టలోని నత్రజనిలో అధిక భాగమే గాలి నుండి వచ్చింది. అందులోని భాస్వరం, పొటాష్ మీ నేల నుండే పైకి లేచి మళ్లీ నేలలో కలిశాయి, గట్టు దాటి రాలేదు. కనుక వాటిని జమ కట్టకూడదు.

సాగునీటిలో కూడా పొటాషియం ఉంటుంది. పరీక్షలో లీటరుకు 1 మిల్లీగ్రాము పొటాషియం ఉందని వస్తే, పంటకాలంలో మీటరు లోతు నీరు పెట్టిన ఎకరానికి 4 కిలోల పొటాషియం చేరుతుంది. సంచి మీది పొటాష్ రూపంలో అది సుమారు 5 కిలోలు. ఇసుక నేలల్లో నీటితోపాటు కొంత కిందికి దిగిపోతుంది కాబట్టి అక్కడ సగమే జమ కట్టండి. చెరువు మట్టి తోలినట్లయితే దాని పోషకాలు చెరువును బట్టి చాలా మారుతాయి. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కింద పూడిక మట్టిని పొలాలకు తోలుకున్నవారు తెలంగాణలో ఎందరో ఉన్నారు. ఆ మట్టికి విడిగా పరీక్ష చేయించనిదే అంకె వేయకండి.

4. గింజతో వెళ్లినది ఖర్చు రాయండి

వెయ్యి కిలోల ధాన్యంతో సుమారుగా నత్రజని 11, భాస్వరం 4.5, పొటాష్ 3.5 కిలోలు పొలం దాటతాయి. ఇంటికి తెచ్చుకున్నా, కొనుగోలు కేంద్రంలో అమ్మినా నేలకు తేడా లేదు. ఇది ఆపవలసిన ఖర్చు కాదు, మనం పండించేదే దీనికోసం.

5. గడ్డి ఏ దారిన వెళ్లిందో చూడండి

లెక్క మొత్తం ఇక్కడే మలుపు తిరుగుతుంది కనుక నిదానంగా చేయండి. వెయ్యి కిలోల గడ్డిలో సుమారుగా నత్రజని 6.5, భాస్వరం 2, పొటాష్ 17 కిలోలు ఉంటాయి. పైరు పీల్చిన పొటాష్‌లో నూటికి ఎనభై పాళ్లకు పైగా గడ్డిలోనే నిలిచి ఉంటుంది, గింజలోకి వెళ్లేది స్వల్పం.

అమ్మిన గడ్డికి పై అంకెలన్నీ ఖర్చే.

తగలబెట్టిన గడ్డికి నత్రజని దాదాపు మొత్తం, భాస్వరంలో పావు వంతు, పొటాష్‌లో ఐదో వంతు ఖర్చు రాయండి. బూడిదలో పొటాష్ మిగులుతుందన్న మాట నిజమే. అయితే కోత యంత్రం వదిలిన వరుసల్లోనే కాలుతుంది కాబట్టి ఆ బూడిద పొలమంతా సమానంగా పడదు. నత్రజనితోపాటు గంధకంలో కొంత భాగం పొగలో పోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఏ ఎరువు సంచీ పూడ్చలేనిది. ఎకరానికి వచ్చే రెండున్నర టన్నుల గడ్డిలోని శక్తి దాదాపు వెయ్యి లీటర్ల డీజిల్‌లో ఉండే శక్తికి సమానం. నేలలో కలిపితే సూక్ష్మజీవులకూ వానపాములకూ నెలల తరబడి ఆహారమై, నేలను గుల్లబరిచి, కొంత కర్బనాన్ని మిగిల్చి ఆ తరువాత వేడిగా వెళ్లవలసిన శక్తి అది. దాన్ని ఒక మధ్యాహ్నంలో గాలికి వదలడం నా దృష్టిలో వరి సాగులో జరిగే అతి పెద్ద వృథా. చుట్టుపక్కల వారి ఊపిరికి జరిగే హాని దీనికి అదనం.

పశువులకు వేసిన గడ్డిని ముందు పూర్తిగా ఖర్చు రాసి, తిరిగి పొలానికి వచ్చిన ఎరువును జమ రాయండి. పశువు గడ్డిలోని శక్తిని వాడుకుంటుంది కానీ పోషకాల్లో అధిక భాగాన్ని పేడ, మూత్రాల్లో విసర్జిస్తుంది. పొటాష్ ఎక్కువగా మూత్రంలోనే పోతుంది. కొట్టంలో బండలు కడిగి నీటిని వీధి కాలువలోకి వదిలేస్తే పేడ దిబ్బ ఎంత పెద్దదైనా పొటాష్ లోటు తీరదు. కొట్టంలో చిత్తు గడ్డి లేదా పొడి మట్టి పరిచి, అది తడిసిన తరువాత దిబ్బలో వేయండి.

పొలంలోనే కలియదున్నిన గడ్డి గట్టు దాటలేదు కాబట్టి దానికి ఖర్చు సున్నా.

6. నత్రజని పోకడ (గాలికి, నీటికి పోయే నష్టం) రాయండి

యూరియాగా వేసిన నత్రజనిలో పైరు అందుకునేది నూటికి 30 నుండి 40 పాళ్లు మాత్రమే. మిగిలినదానిలో కొంత నేలలో ఉంటుంది, కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత మడి తడి ఆరుతూ నిండుతూ ఉన్నప్పుడు నత్రజని వాయువుగా మారుతుంది, కొంత మురుగు కాలువ పడుతుంది. మధ్యస్థ అంచనాగా ఎరువు నత్రజనిలో 40 శాతాన్ని ఖర్చు కింద రాయండి. మీరు మడిలో నీరు తీసి, బురదపై యూరియా చల్లి, రెండు రోజుల తరువాత నీరు పెట్టేవారైతే కొంత తగ్గించుకోవచ్చు. నిండు నీటిలో ఎండ పూట చల్లేవారైతే పెంచుకోవాలి. భాస్వరం గాలిలోకి పోదు. అది ప్రధానంగా కొట్టుకుపోయే మట్టితో వెళుతుంది కాబట్టి గట్లు తెగని పొలంలో దీన్ని వదిలేయవచ్చు.

7. తేడా తీయండి

ఉదాహరణకు ఎకరానికి 25 క్వింటాళ్ల ధాన్యం, అంతే గడ్డి వచ్చాయనుకుందాం. వేసినవి రెండు బస్తాల యూరియా, ఒక బస్తా డీఏపీ, అర బస్తా మ్యూరియేట్ ఆఫ్ పొటాష్. లెక్క తేలిక కోసం గడ్డి మొత్తం ఒకే దారిన వెళ్లిందని, నీటి పొటాష్ కలపలేదని అనుకోండి.

జమ: నత్రజని ఎరువుల నుండి 50, సూక్ష్మజీవుల నుండి 10, మొత్తం 60 కిలోలు. భాస్వరం 23. పొటాష్ 15.
గింజతో ఖర్చు: నత్రజని 28, భాస్వరం 11, పొటాష్ 9. నత్రజని పోకడ మరో 20.
గడ్డిని కదపకముందు మిగులు: నత్రజని 12, భాస్వరం 12, పొటాష్ 6.

గడ్డి అమ్మితే: నత్రజని 4 కిలోల లోటు, భాస్వరం 7 కిలోల మిగులు, పొటాష్ సుమారు 36 కిలోల లోటు.
తగలబెడితే: నత్రజని 4 కిలోల లోటు, భాస్వరం సుమారు 11 కిలోల మిగులు, పొటాష్ రెండున్నర కిలోల లోటు.
కలియదున్నితే: మూడింటిలోనూ మిగులు, పైన చూపిన 12, 12, 6.

36 కిలోల పొటాష్ లోటు అంటే 60 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్. గడ్డికి వచ్చే ధరలోంచి ఈ 60 కిలోల విలువను, గడ్డితో వెళ్లిన 16 కిలోల నత్రజనికి సరిపడే 35 కిలోల యూరియా విలువను తీసివేస్తే మిగిలేదే అసలు ఆదాయం. అలా తీసిన తరువాత కూడా అమ్మడమే మేలనిపిస్తే నిస్సంకోచంగా అమ్మండి, అయితే ఆ పొటాష్‌ను తిరిగి వేయండి.

8. గడ్డిని కలపాలనుకుంటే

నాట్లకు కనీసం రెండు మూడు వారాల ముందు, నేలలో తడి ఉండి నీరు నిలవని సమయంలో, గడ్డిని పలచగా పరిచి రోటవేటర్‌తో పైపైన కలపండి. ఆ సమయంలో ఎకరానికి 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లితే కొయ్యకాళ్లు త్వరగా కుళ్లుతాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచిస్తారు. అలా వేస్తే అందులోని 8 కిలోల భాస్వరాన్ని జమ రాసి, డీఏపీని ఆ మేరకు తగ్గించండి.

పచ్చి గడ్డిని దమ్ములో తొక్కి వెంటనే నాటకండి. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే పట్టుకుంటాయి కాబట్టి నాటిన కొద్ది రోజులకే పైరు పసుపు రంగుకు తిరుగుతుంది. నిలిచిన నీటి అడుగున గాలి లేక ఆమ్లాలు, కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువు పుట్టి వేర్లు నల్లబడతాయి. పైగా మీథేన్ విడుదల పెరుగుతుంది. అటువంటి స్థితి ఇప్పటికే వచ్చి ఉంటే మడి నుండి నీరు తీసి, సన్న పగుళ్లు కనిపించేదాకా ఆరగట్టి, ఆ తరువాత నత్రజని పైపాటుగా వేయండి. ఖరీఫ్ కోతకూ రబీ నాట్లకూ మధ్య వ్యవధి చాలనివారు గడ్డిని గట్టు మీద కుప్ప వేసి, పేడ నీళ్లు చల్లి, కంపోస్టుగా మార్చి తరువాతి పంటకు వాడుకోవడం మంచిది. ఆ కుప్పపై వాన పడకుండా కప్పండి, ఎందుకంటే గడ్డిలోని పొటాష్ నీటిలో తేలికగా కరిగి కుప్ప కిందికి దిగిపోతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది రూపాల గందరగోళం. ఎరువుల సంచుల మీద భాస్వరం పి2ఓ5గా, పొటాష్ కె2ఓగా రాస్తారు. కొన్ని పుస్తకాలు, నీటి పరీక్షల ఫలితాలు మాత్రం మూలకాల రూపంలో ఇస్తాయి. మూలక భాస్వరాన్ని 2.29తో, మూలక పొటాషియాన్ని 1.2తో హెచ్చవేస్తే సంచి రూపం వస్తుంది. ఈ వ్యాసంలోని గింజ, గడ్డి అంకెలన్నీ సంచి రూపంలోనే ఉన్నాయి.

రెండవది, వచ్చిన ఎరువును జమ రాసి, పశువులకు వెళ్లిన గడ్డిని ఖర్చు రాయడం మరిచిపోవడం. అలా చేస్తే నేల ఏటా ధనవంతమవుతున్నట్లు కాగితం చూపిస్తుంది, పొలంలో మాత్రం ఆకు అంచులు ఎండుతూనే ఉంటాయి.

మిగులును లాభంగా భావించడం మరొకటి. మిగిలిన నత్రజని నేలలో భద్రంగా నిలవదు. మురుగు కాలువల ద్వారా చెరువులకూ, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు వంటి సరస్సులకూ చేరి అక్కడ నాచును, గుర్రపు డెక్కను పెంచుతుంది.

లెక్క సరైనదో కాదో చూసుకోవడం

కాగితం మీది లోటు పొలంలో నిజమేనా అని తెలుసుకోవడానికి నమ్మదగిన దారి లోపపు మడి. పొలం మధ్యలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చిన్న మడికి గట్టిగా గట్టు వేసి, అన్నీ మామూలుగా ఇచ్చి పొటాష్ ఒక్కటి ఆపండి. పక్కనే అంతే కొలతతో అన్నీ వేసిన మడి ఉంచండి. కోత సమయంలో రెండింటి ధాన్యాన్ని విడివిడిగా నూర్చి, ఆరబెట్టి, తూచి 162తో హెచ్చవేస్తే ఎకరం దిగుబడి వస్తుంది. రెండింటి మధ్య తేడా స్పష్టంగా ఉంటే నేల పొటాష్ అందించలేకపోతోందని అర్థం. తేడా లేకపోతే నేలలో నిల్వ ఇంకా ఉంది. బరువైన నల్లరేగడి కొన్నేళ్లపాటు లోటును భరించగలదు, తేలిక నేలలు అంతగా భరించలేవు. నీరు గట్టు దాటి ఒక మడి నుండి మరొక మడిలోకి పారితే ఈ పరీక్ష పనికిరాదు.

భూసార పరీక్షను ఒక్క పంట తేడా చూడటానికి వాడకండి, అంత చిన్న మార్పు అందులో తేలదు. ఏటా ఒకే నెలలో, ఎరువులు వేయకముందు, ఎనిమిది పది చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గోడ నుండి పలుచని పొరగా మట్టి తీయండి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలను ఉంచుకుంటూ అర కిలో మిగిలేదాకా తగ్గించి, నీడలో ఆరబెట్టి పంపండి. గట్ల పక్కన, చెట్ల కింద, గడ్డివాము వేసిన చోట, పెంట దిబ్బ ఉన్న చోట మట్టి తీయకూడదు. భూసార పరీక్ష ఫలితాలతో ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డులో ఉండే 12 అంశాల్లో సేంద్రియ కర్బనం, భాస్వరం, పొటాష్ వరుసలను మీ జమాఖర్చు పక్కన ఏటా రాసుకోండి. మూడు నాలుగేళ్లు లోటు చూపిన పోషకం కార్డులోనూ దిగుతూ ఉంటే లెక్క సరిగా ఉన్నట్లే. దిగకపోతే నీటి ద్వారానో మరో దారినో వస్తున్న జమ ఏదో మీ పుస్తకంలోకి ఎక్కలేదు, మొదట బోరు నీటిని పరీక్షకు పంపండి.

పైరును కూడా చూడండి. కింది ఆకులు ఆకంతా సమానంగా పసుపు రంగుకు వస్తే నత్రజని తక్కువైందని అనుమానించాలి. కింది ఆకుల కొనలు, అంచులు మాత్రమే పసుపై గోధుమ రంగుకు తిరిగి ఎండితే పొటాష్ లోపమని అనుమానించాలి. అయితే ఎండాకు తెగులు కూడా అంచుల నుండే ఎండిస్తుంది, అది పై ఆకుల మీదా కనిపిస్తుంది కాబట్టి మండల వ్యవసాయాధికారికి చూపించకుండా ఎరువు కొనకండి.

లెక్క తేలిన తరువాత తదుపరి పంటకు మార్పులు ఒకేసారి చేయవద్దు. భాస్వరం వరుసగా మిగులుతూ, కార్డులోనూ ఎక్కువగా ఉంటే డీఏపీని సగానికి తగ్గించి, అందులో తగ్గిన నాలుగున్నర కిలోల నత్రజనికి పది కిలోల యూరియా కలపండి. పొటాష్ లోటు ఉంటే ఆఖరి దమ్ములో సగం, పైరులో వెన్ను అంకురం ఏర్పడే దశలో సగం వేయండి. తేలిక నేలల్లో ఈ విభజన తప్పనిసరి.